అడగకముందే సాయమా, అడిగేదాకా ఆగడమా: ఏది మేలు?

ఎదుటి మనిషి ఇబ్బందిలో ఉన్నట్టు కనిపించినప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. అడగకుండానే పూనుకోవడం ఒకటి, అడిగేదాకా ఊరుకోవడం మరొకటి, ఫలానా పని చేసిపెట్టనా అని ఒక మాట అడిగి జవాబును బట్టి నడుచుకోవడం మూడోది. మొదటిది మంచితనమనీ, రెండోది మర్యాద అనీ, మూడోది వట్టి మొహమాటమనీ చాలామంది అనుకుంటారు. ఈ అంచనాతో నేను ఏకీభవించలేను. సాయం చేసేవాడి మనసు ఎంత మంచిదన్నది ఇక్కడ కొలమానం కాదు. మనం ఆగితే పోయేదేమిటి, పోయినది మళ్ళీ దక్కుతుందా, అసలు ఆ పని ఎవరిది అన్నవే కొలమానాలు.

ప్రాణాపాయంలో అడగకుండా పూనుకోవడమే మేలన్నది అందరూ ఒప్పుకునే సంగతే. అయితే అక్కడ కూడా ఆగవలసిన ఘట్టం ఒకటుందని ప్రథమ చికిత్స నేర్పేవారు చెబుతారు. గొంతులో ఏదో అడ్డుపడిన మనిషి గట్టిగా దగ్గగలుగుతూ, మాట్లాడగలుగుతూ ఉంటే అతని వీపు మీద చరచకూడదు. దగ్గుకు మించిన ఉపాయం మన చేతుల్లో లేదు కనుక, పక్కన నిలబడి ఇంకా దగ్గమని ప్రోత్సహించడమే ఆ క్షణంలో చేయగల సాయం. ఆ దగ్గు బలహీనపడి, మాట పెగలక, ఊపిరి అందని స్థితి వచ్చిందంటే మాత్రం ఇక క్షణం ఆలస్యం చేయకూడదు: ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య 5 సార్లు అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో కొట్టాలి, అప్పటికీ అడ్డు తొలగకపోతే వెనుక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన 5 సార్లు లోపలికీ పైకీ నొక్కాలి (ఏడాది లోపు పసిబిడ్డలకూ గర్భిణులకూ పొట్ట మీద నొక్కడం పనికిరాదు, వారికి పద్ధతి వేరు). ఒకే మనిషి, ఒకే ఆపద, నిమిషం తేడాలో ఆగడం సరైనదై, ఆ వెంటనే ఆగడం తప్పయింది. ఈ మార్పును కనిపెట్టడానికి మంచి మనసు ఒక్కటే చాలదు, కన్నార్పకుండా గమనించాలి.

మూర్ఛ వచ్చి కొట్టుకుంటున్న మనిషి విషయంలో పూనుకునేవారి తొందర మరింత హాని చేస్తుంది. చేతులూ కాళ్ళూ అదిమి పట్టడం, పళ్ళ మధ్య ఏదైనా వస్తువు దూర్చడం గాయాలకే దారి తీస్తాయి. తగిలే వస్తువులను పక్కకు తీసి, తల కింద మెత్తనిదేదైనా పెట్టి, గడియారం చూసుకుంటూ ఉండి, కుదుపులు ఆగాక ఒక పక్కకు ఒత్తిగిలించాలి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే అంబులెన్సును పిలవాలి. చేతులు కట్టుకుని నిలబడ్డట్టు పైకి కనిపించే ఈ కాపలా పూర్తి సాయమే.

ఇక ఊరుకోవడం గురించి. ఊరుకునేవారంతా గౌరవంతోనే ఊరుకుంటారని చెప్పలేం. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. వేరువేరు గదుల్లో కూర్చుని మైకుల ద్వారా మాట్లాడుకుంటున్నవారిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోగానే సాయానికి కదిలారు. తనతో పాటు మరో నలుగురు వింటున్నారని అనుకున్నవారిలో అలా కదిలినవారు 31 శాతమే. కదలనివారు రాతి గుండెలవారు కారు, చాలామంది చేతులు వణికేంత ఆందోళన పడ్డారు. ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న భావన వారిని కట్టిపడేసింది. కనుక నలుగురిలో ఉన్నప్పుడు ‘వద్దులే, బాగుండదు’ అని మనసుకు తోస్తే, అది మర్యాద వల్లనా, మంది ఉన్నారన్న నిశ్చింత వల్లనా అని నిక్కచ్చిగా తేల్చుకోవాలి.

ఆపద ఏదీ లేని మామూలు రోజుల్లో మాత్రం నేను ఆగడం వైపే మొగ్గుతాను. ఇక్కడ సాయం పేరుతో జరిగే నష్టం నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి కంటికి కనిపించదు. 1982లో వైద్యుడు జెరీ అవోర్న్, మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నవారిచేత ముక్కలు పేర్చి బొమ్మను పూర్తి చేసే పని (జిగ్సా పజిల్) చేయించారు. కొందరికి పక్కన కూర్చుని ముక్కలు అందించి, పేర్చడంలో సాయపడ్డారు. మరికొందరికి నోటిమాటగా ప్రోత్సాహం మాత్రమే ఇచ్చారు. సాయం అందినవారి పనితనం దిగజారింది, ప్రోత్సాహం మాత్రమే అందినవారిది మెరుగుపడింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అవస్థ పడుతున్న పెద్దాయన చేతులు మన తొందర వల్ల పక్కకు తప్పుకుంటే, రేపు ఆ పాటి పని కూడా తన వల్ల కాదని ఆయన నమ్మడం మొదలుపెడతాడు. మనం ఆదా చేసిన సమయం మనదే, పోయిన నమ్మకం ఆయనది. నత్తితో మాట్లాడేవారి వాక్యాన్ని మనం పూర్తి చేయడం, అడగకుండా వీల్‌చైర్‌ను తోయడం, చూపు లేనివారి చేయి పట్టి లాక్కెళ్ళడం కూడా ఈ కోవలోవే.

నేర్చుకునేవారి దగ్గర ఆగడమా, పూనుకోవడమా అనేది ఒక్కసారి తేల్చుకుంటే సరిపోదు. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ వుడ్ తన సహచరులతో కలిసి, చెక్క ముక్కలతో కట్టడం కట్టే చిన్నపిల్లల మీద నాలుగు బోధన పద్ధతులను పోల్చి చూశారు: నోటితో చెప్పడమే ఒకటి, చేసి చూపించడమే ఒకటి, ఈ రెండింటి మధ్య ఊగడం ఇంకొకటి, పిల్లవాడు తడబడితే సాయం పెంచి నెగ్గుకొస్తే తగ్గించడం నాలుగోది. తరువాత సొంతంగా కట్టడంలో ముందున్నది నాలుగో పద్ధతిలో నేర్చుకున్న పిల్లలే. ఇది చెప్పినంత తేలిక కాదు. పిల్లవాడు తప్పు ముక్కను చేతిలోకి తీసుకున్నప్పుడు అది తప్పని వాడికే తెలిసేదాకా నోరు మెదపకుండా ఉండడం నేర్పేవారికి పెద్ద పరీక్ష.

మూడో దారి అయిన అడిగి చేయడం చాలా సందర్భాల్లో మిగతా రెండింటికంటే మేలు, కాని అడిగే తీరు మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ‘ఏం కావాలన్నా మొహమాటపడకు’ అనే మాట ఉదారంగా వినిపిస్తుంది గాని, అవసరం గుర్తించే భారం, నోరు తెరిచి అడిగే భారం రెండూ కష్టంలో ఉన్న మనిషి మీదే వేసి వెళ్ళిపోతుంది. ‘రేపు సాయంత్రం పిల్లలను బడి నుంచి నేను తీసుకొస్తాను, సరేనా?’ అన్న ప్రశ్నకు తల ఊపితే చాలు, అక్కర్లేదనడమూ తేలికే. దుఃఖంలో ఉన్నవారికైతే ఈ తేడా మరీ ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని కూడా అవసరాలు చూడమనీ, చెబితే వినమనీ, కావలసిన ఆసరాతో కలపమనీ చెబుతుంది తప్ప, జరిగింది చెప్పమని బలవంతపెట్టడాన్ని ఒప్పుకోదు.

ఇంట్లోవారి మధ్య అయితే అడగడం కూడా ఒక్కోసారి ఎక్కువే అవుతుంది. న్యాయవాద పరీక్షకు సిద్ధమవుతున్నవారినీ వారి జీవిత భాగస్వాములనూ రోజూ డైరీ రాయమని కోరి మనస్తత్వ శాస్త్రవేత్త నయల్ బోల్గర్ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో, భాగస్వామి సాయం చేశానని రాసినా అందుకున్నవారు గమనించని రోజుల్లోనే వారి కుంగుబాటు తక్కువగా ఉంది. ఎదుటివారి వంతు పనిని చడీచప్పుడు లేకుండా ముగించి, దాని ప్రస్తావన తేకుండా ఉండడం నిత్యం కలిసి బతికేవారికే వీలవుతుంది. పరాయివారు ఇలా చేస్తే అది చొరబాటవుతుంది, కనుక వారు అడగవలసిందే. అడిగాక వద్దన్న జవాబు వస్తే కారణం తరచి అడగకుండా, ముఖం చిన్నబుచ్చుకోకుండా దాన్ని అంగీకరించాలి. అలా అంగీకరించినవారి దగ్గరికే, నిజంగా అవసరం పడ్డ రోజున, ఆ మనిషి జంకు లేకుండా రాగలడు.