జాగ్రత్త: డబ్బులు కట్టించుకుని ఇచ్చే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లు

బీటెక్ జూనియర్స్, వాళ్ల అమ్మానాన్నలు దయచేసి ఇది చదివాకే ఫోన్‌పే చేయండి. మా సమ్మర్ ఇంటర్న్‌షిప్ మొన్ననే అయిపోయింది, చేతికి వచ్చింది ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్ మాత్రమే.

హైదరాబాద్‌లో ఆఫీస్ ఉందని చెప్పుకునే ఒక కంపెనీ, మెషిన్ లెర్నింగ్ ఇంటర్న్‌షిప్, లైవ్ ప్రాజెక్ట్, పర్సనల్ మెంటర్, చివర్లో స్టైపెండ్ అని చెప్పి ఆరున్నర వేలు తీసుకున్నారు. కట్టేదాకా రోజూ ఫోన్లే, ఇవాళే లాస్ట్ డేట్, రెండే సీట్లున్నాయి అంటూ. కట్టిన వెంటనే ఒక వాట్సాప్ గ్రూప్‌లో పడేశారు, అందులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టలేరు, డౌట్ వస్తే ఎవర్ని అడగాలి? లైవ్ ప్రాజెక్ట్ అన్నది ఏంటంటే ఐరిస్ డేటాసెట్, అంటే మెషిన్ లెర్నింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ప్రాక్టీస్‌కి వాడే డేటా. 150 పూల కొలతలు, 1936 నాటి డేటా, నెట్‌లో ఎవరికైనా ఫ్రీగా దొరుకుతుంది. దానికి కోడ్ కూడా వాళ్లే పంపి పేరు మార్చి సబ్మిట్ చేసేయమన్నారు. స్టైపెండ్ సంగతి అడిగితే పెర్ఫార్మెన్స్ బేస్డ్ అన్నారు, లెటర్ ఆఫ్ రికమెండేషన్‌కి మళ్లీ వేరే డబ్బులంట.

నేర్పించి ఫీజు తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, అమీర్‌పేట్‌లో కోర్సు అని చెప్పి కోర్సే చెప్పే ఇన్‌స్టిట్యూట్లు బోలెడున్నాయి. పని ఇస్తామని చెప్పి కాగితం అమ్మడమే మోసం. మా రూమ్మేట్ వాళ్ల నాన్న ఆ డబ్బు వడ్డీకి తెచ్చి పంపారు, అది తలుచుకుంటేనే కడుపు మండిపోతోంది.

లోగోలు చూసి అస్సలు నమ్మకండి. బ్రోషర్ మీద ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థ) అని పెద్దగా వేస్తారు, కానీ దానికి చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అనేది ఆన్‌లైన్‌లో ఫ్రీగా, మన వివరాలు మనమే ఇచ్చుకుని చేసుకునేది, వాళ్ల ట్రైనింగ్ బాగుందని గవర్నమెంట్ చెప్పినట్టు కాదు. ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) పేరు వాడితే ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లోకి వెళ్లి ఆ కంపెనీ, ఆ పోస్టింగ్ ఉన్నాయో లేదో మీరే వెతకండి, వాళ్లు పంపిన లింక్ మాత్రం నొక్కకండి. ప్రైవేట్ లిమిటెడ్ అని చెప్తే ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో పేరు కొట్టండి, ఎప్పుడు రిజిస్టర్ అయిందో తెలుస్తుంది. లింక్డ్‌ఇన్‌లో అక్కడ చేసిన సీనియర్ ఎవరైనా కనిపిస్తే, అన్నా నీకు పని ఇచ్చింది ఎవరు, చూసింది ఎవరు అని అడగండి, ఈ ఒక్క ప్రశ్నతోనే సగం బయటపడుతుంది.

ఇప్పటికే కట్టేసినవాళ్లు గ్రూప్ చాట్ డిలీట్ చేయకండి, చేస్తే ఆధారాలు పోతాయి. స్టైపెండ్ అన్న మెసేజ్‌లు, పేమెంట్ రసీదు, బ్రోషర్ అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కేసుకి ఫీజు కూడా లేదు. మేం కొంతమందిమి కలిసి కంప్లైంట్ పెట్టాం, అదే బ్యాచ్‌లో ఉన్నవాళ్లు రసీదులతో కామెంట్ చేయండి.