సయనోటైప్ కిట్ కొంటున్నారా? ముందు ఎర్ర పొట్లం విప్పి చూడండి

సయనోటైప్ అంటే రసాయనాలు పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి, ఆకుల్లాంటివాటి ముద్రలు నీలంలో తీసే పద్ధతి. అనంతపురానికి కొరియర్‌లో వచ్చిన అలాంటి ఒక కిట్‌లో పొటాషియం ఫెర్రిసయనైడ్ అని చీటీ అంటించిన పొట్లంలో వేరే సరుకు ఉంది. కర్నూలు, కడపల్లో తెప్పించుకునేవాళ్ళు కూడా డబ్బా రాగానే ఆ పొట్లం రంగు చూసుకోండి. పలుకులు ముదురు ఎరుపులో ఉండాలి. మెత్తగా నూరి ఉంటే నారింజ రంగులో కనిపిస్తుంది. నిమ్మపండు పసుపులో ఉంటే మాత్రం అది ఫెర్రోసయనైడ్. అది కిట్‌లోని రెండో రసాయనమైన ఫెర్రిక్ అమోనియం సిట్రేట్‌తో కలవగానే, ఎండతో పనిలేకుండానే నీలమైపోతుంది. ఇక ఎన్ని కాగితాలు తగలేసినా వేపాకు ముద్ర పడదు.

రంగు చూసి తేల్చుకోలేకపోతే ఇలా చేయండి. ఎండ పడని గదిలో, మామూలు బల్బు కింద, రెండు ప్లాస్టిక్ మూతల్లో కాసిని బ్యాటరీ నీళ్ళు (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో రసాయనం చిటికెడు కరిగించి కలపండి. పసుపుపచ్చగానో, ఆకుపచ్చ ఛాయలోనో ఉంటే సరుకు మంచిది. కలిపీ కలపగానే చిక్కటి నీలం బురదైతే తిప్పి పంపేయండి. ఎర్ర పలుకులు సరిగ్గానే ఉన్నా నీలం వస్తుంటే, సిట్రేట్ పాతబడి ఉంటుంది.

అడిగితే అమ్మినవాళ్ళ జవాబు "మీ ఊరి నీళ్ళు బాగోలేవు" అని. నీళ్ళ మాటలో కొంత నిజముంది. మనవైపు బోరు నీళ్ళు చాలాచోట్ల క్షారగుణం ఉన్నవే, కడిగేటప్పుడు నీలం పాలిపోతుంది. కడిగే బకెట్‌లో చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తే సరిపోతుంది. కానీ ఎండకు పెట్టకముందే గిన్నెలో నీలమైతే, ఆ తప్పు నీళ్ళది కాదు.

తూకం కూడా చూడండి. 100 మి.లీ. నీళ్ళకు సిట్రేట్ 25 గ్రాములు, విడిగా మరో 100 మి.లీ.కి ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు, వాడేముందు రెండూ సమపాళ్ళలో కలపాలి. పొట్లాలు రెండూ ఒకే బరువుంటే సిట్రేట్ సగంలోనే అయిపోతుంది. "డెవలపర్" పేరుతో ఇచ్చే మూడో పొట్లానికి డబ్బులు దండగ. 1842లో జాన్ హెర్షెల్ ఈ పద్ధతి కనిపెట్టినప్పటి నుంచీ ముద్ర తేలడానికి కావలసింది మామూలు నీళ్ళే. పసుపు పూర్తిగా పోయేదాకా, పది నిమిషాలైనా కడగాలి.

ముందే పూత పూసిన కాగితమైతే ఎండ చూపించకుండా చిన్న ముక్క కత్తిరించి కడగండి. తెల్లబడాలి. నీలం మిగిలితే వేడికో, చెమ్మకో చెడిపోయిందన్నమాట.

పాడైన ద్రావణం ఉన్న ట్రేను బాత్‌రూం యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కడగొద్దు. ఘాటైన ఆమ్లం తగిలితే ఫెర్రిసయనైడ్, ఫెర్రోసయనైడ్ రెండింటి నుంచీ విషవాయువు రావచ్చు. వంటపాత్రలు అసలే వాడొద్దు.

వాపసు అడిగేటప్పుడు చీటీ, పలుకులు ఒకే ఫొటోలో కనిపించేలా తీయండి. మూతల్లో కలిపినది వీడియో తీసి, గడువు దాటకముందే పంపండి.