చిలికాలో రెండు పడవలు

ఒడిశాలోని చిలికా సరస్సుకు పక్షుల ఫొటోల కోసం వెళ్తుంటే, రూము సంగతి కన్నా ముందు పడవకు ఇంజను ఉందో లేదో అడగండి. మేం అడగలేదు. 3,200 రూపాయలూ, బంగారం లాంటి ఒక సాయంత్రమూ పోయాయి.

సంక్రాంతికి మా బావమరిది విశాఖ నుంచి బరంపురం మా ఇంటికి వచ్చాడు. దూరపు పక్షుల్ని దగ్గరగా తీసే 150-600 మి.మీ. లెన్సు, కొత్తగా కొన్నది, వాడి చేతిలో ఉంది. కనుమ మర్నాడు మా ఆవిడ, పాప, మేమిద్దరం కారులో సరస్సు ఒడ్డునున్న రంభ చేరాం. గంట ప్రయాణం, రోడ్డు బాగుంది.

అక్కడ ఓ ప్రైవేటు మోటారు పడవాయన చక్కటి తెలుగులో పలకరించాడు. గంజాం జిల్లాలో తెలుగు వినబడడం కొత్త కాదు. అయినా మనవాడే కదా అని బేరం కూడా ఆడలేదు. రెండు గంటలకు 2,800 అన్నాడు, పక్షులు దగ్గర్నుంచి కనబడతాయన్నాడు.

ఇంజను మోతకు పాప చెవులు మూసుకుని కూర్చుంది. అరగంట పోయాక నీటి మీద నల్లటి గీతలా సూదితోక బాతుల గుంపు కనిపించింది. "కాస్త ఆపండి, ఇంజను కట్టేయండి" అని మావాడు రెండుసార్లు చెప్పాడు. ఆయన ఆపకపోగా వేగం పెంచి నేరుగా గుంపులోకి పోనిచ్చాడు. వందల బాతులు ఒక్కసారిగా లేచిపోయాయి.

"లేపితేనే కదా బాబూ, ఫొటో బాగుంటాది!"

ఇంకో గుంపు దగ్గరా అదే పని. ఈసారి నేను గట్టిగా అరిచాను. ఉత్తరాన ఎక్కడెక్కడి చలి దేశాల నుంచో ఇంత దూరం ఎగిరొచ్చిన పక్షులవి. ఇక్కడ తిన్నదే వాటికి తిరుగు ప్రయాణానికి బలం. ఊరికే బెదరగొట్టిన ప్రతిసారీ ఆ బలం కొంత వృథా అవుతుంది. 1981 నుంచి రామ్సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, ఉన్న సరస్సులో ఇలా చేయడం చూస్తే కడుపు మండింది. గంటా పది నిమిషాలకే ఒడ్డుకు చేర్చి, పైగా డీజిల్‌కని ఇంకో 400 గుంజాడు. మావాడి కార్డులో 340 ఫొటోలుంటే అన్నీ తోకలే. రాత్రి అన్నం దగ్గర వాడు నోరు విప్పలేదు.

లాడ్జి 2,400. సరస్సు కనబడే గది అన్నారు గానీ కిటికీలోంచి పక్కింటి నీళ్ళ ట్యాంకు కనబడింది. తెల్లవారుజామున నాలుగింటికి గేటుకు తాళం వేసి ఉంది. వాచ్‌మన్‌ను లేపడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

అక్కణ్ణుంచి హైవే మీద టాంగి దాకా వెళ్ళి, కుడివైపు మంగళాజోడికి తిరిగాం. ఒకప్పుడు ఈ ఊరివాళ్ళే పక్షుల్ని వేటాడి మాంసం అమ్మేవారు. 2000 ప్రాంతంలో వేట మానేసి కాపలా సంఘం పెట్టుకున్నారు. మా పడవాయన కూడా చిన్నప్పుడు తండ్రితో వేటకు వెళ్ళినవాడేనట, ఒడియాలో తనే చెప్పాడు. మూడు గంటలకు 1,500. బైనాక్యులర్స్ ఆయనవే.

ఇక్కడ వెదురు గెడతో తోసే పడవలే. రెల్లు మధ్య సన్నటి కాలువలోకి వెళ్ళాక ఆయన గెడ బురదలో గుచ్చి ఊరుకున్నాడు. అడక్కుండానే ఎండ మా వీపు వైపు ఉండేలా పడవ తిప్పాడు. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత గాడ్విట్లనే నీటి ఒడ్డు పక్షులు ఒక్కొక్కటే దగ్గరికొచ్చాయి. పొడుగాటి ముక్కును కళ్ళదాకా బురదలో దించి తింటున్నాయి. అటు పక్కన, పదిహేను అడుగుల దూరంలో, ఒక పర్పుల్ స్వాంప్‌హెన్. నీలం ఒళ్ళు, ఎర్రటి ముక్కు. రెల్లు కాడను కాలి వేళ్ళతో పట్టుకుని, పైకెత్తి, చెరుకు ఒలిచినట్టు ఒలిచి లోపలి తెల్లటి మెత్తని భాగం తింటోంది. మావాడు షట్టర్ నొక్కడం మర్చిపోయి చూస్తుండిపోయాడు. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వెళ్ళేవాళ్ళు ఆరు గంటలకల్లా పడవ ఎక్కండి. ఎండ ముదిరాక ఫొటోలు తేలిపోతాయి. ట్రైపాడ్ ఆ పడవలో నిలవదు, బియ్యం నింపిన గుడ్డ సంచి అంచు మీద వేసి లెన్సు ఆనించండి. 400 మి.మీ. లెన్సు చాలు. ఎర్ర చొక్కాలు వద్దు. ఆకలికి మాత్రం ఏదైనా వెంట తీసుకెళ్ళండి, మాకు టిఫిన్ దొరికేసరికి పదిన్నర అయింది.

దిగేటప్పుడు మావాడు ఇంకో 500 ఆయన చేతిలో పెట్టాడు. ఎండలు ముదిరితే పక్షులు వెళ్ళిపోతాయి కనుక ఫిబ్రవరి మొదటి ఆదివారానికి అదే పడవ, అదే మనిషి కావాలని అడ్వాన్సుగా ఇచ్చాడు.