కరెంటు పోతే కోడిపిల్లలకు వెచ్చదనం: ఇన్వర్టరా, కుంపటా, వేణ్నీళ్ల బిందెనా?

చలికాలం మొదలైతే చాలు, మన వైపు పెరట్లో నాటుకోళ్లు, వనరాజా, రాజశ్రీ రకాల కోళ్లు పెంచేవాళ్లంతా అడిగేది ఒకటే: రాత్రి కరెంటు పోతే పిల్లల సంగతేంది? అనంతపురం, కర్నూలు అంటే ఎండలే గుర్తొస్తాయి గానీ డిసెంబరు, జనవరిలో తెల్లవారుజాము 15, 16 డిగ్రీలకు దిగే రాత్రులు ఉంటాయి. మొదటి వారం పిల్లకు కావలసింది 35. రేకుల షెడ్డయితే ఆ తేడా ఇంకా తొందరగా తెలుస్తుంది.

ఇక్కడ చెప్పేది 50 నుంచి 200 పిల్లలు తెచ్చుకునేవాళ్లకు. 500 దాటితే గ్యాస్ బ్రూడర్ (పిల్లలకు వేడి ఇచ్చే గ్యాస్ హీటరు) కొనుక్కోండి, చర్చ అనవసరం. పది పన్నెండు పిల్లలే ఉండి, ఇంట్లో పొదుగు మీదున్న పెట్ట ఉంటే అసలు ఏదీ కొనొద్దు. ఒకట్రెండు రోజుల పిల్లల్ని చీకట్లో మెల్లగా దాని రెక్కల కిందికి తోయండి. చాలా పెట్టలు పొద్దునకల్లా తన పిల్లలే అనుకుంటాయి.

ఏ సాధనం ఎంత వేడి ఇస్తుందనే అందరూ లెక్క చూస్తారు. నేను ముందు చూసేది అది అయిపోయేటప్పుడు ఎట్ల అయిపోతుందని. ఎందుకంటే పిల్లలు చలికి చచ్చేదానికంటే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చచ్చేదే ఎక్కువ. వేడి, వెలుతురు రెండూ ఒక్క క్షణంలో పోతే బెదిరి ఒక మూలకు కుప్ప పడతాయి. అడుగున పడ్డవి పొద్దునకు చపాతీల్లా దొరుకుతాయి. అదే వేడి గంటల తరబడి మెల్లగా తగ్గితే, పిల్లలు కూడా మెల్లగా దగ్గరికి జరుగుతాయి. చిక్‌గార్డు, అంటే పిల్లల చుట్టూ కట్టే అడ్డు, గుండ్రంగా పెట్టమనేది కూడా అందుకే, గుండ్రానికి మూల ఉండదు.

ఇన్వర్టరు సంగతి చూద్దాం. 100 పిల్లలకు, పిల్లకు 2 వాట్ల లెక్కన, 200 వాట్లు కావాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కొత్తదైతే ఈ లోడు మీద 5, 6 గంటలు లాగుతుంది. మూడేళ్ల బ్యాటరీ అయితే సగమే అనుకోండి. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు కూడా దాని మీదే ఉంటే ఇంకా తక్కువ. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కరెంటు పోయిన రోజున రాత్రికి బ్యాటరీ నిండి ఉండదు. ఖాళీ అయిన ఈ సైజు బ్యాటరీ నిండాలంటే 10, 12 గంటలు పడుతుంది.

దీనితో అసలు చిక్కు వేరే ఉంది. కరెంటు పోయిన సంగతి మీకు తెలియదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, మీరు పడుకునే ఉంటారు. రాత్రి 11కు కరెంటు పోతే, చలి ముదిరే 4 గంటలకు బ్యాటరీ కూడా ఒక్కసారిగా ఆగిపోతుంది. నేను భయపడే రకం ఆగిపోవడం ఇదే. కాబట్టి ఇన్వర్టరే కావాలనుకుంటే పిల్లలు రాకముందే ఒక రాత్రి బల్బులన్నీ వెలిగించి, మెయిన్ ఆపి, ఎన్ని గంటలు నిలిచిందో గడియారంతో చూడండి. కరెంటు పోగానే కూత పెట్టే చిన్న అలారం మంచం దగ్గర ప్లగ్గులో పెట్టుకోండి, ఇన్వర్టరు లైనులో మాత్రం పెట్టొద్దు. ఇంకొక పొరపాటు తరచూ కనిపిస్తుంది: బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని 9 వాట్ల ఎల్‌ఈడీలు పెడతారు. వెలుగు బ్రహ్మాండంగా ఉంటుంది, వేడి ఉండదు. ఫిలమెంటు బల్బు గానీ, ఎర్రటి ఇన్‌ఫ్రారెడ్ బల్బు గానీ, సిరామిక్ హీటరు గానీ ఉండాలి. ఎల్‌ఈడీ ఒకటి విడిగా ఉండనీయండి, చీకటికి బెదరకుండా.

బొగ్గుల కుంపటి పాతకాలం పద్ధతి, ఇప్పటికీ చాలామంది పెడుతున్నారు. కిలో బొగ్గులో దాదాపు 8 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది. 100 పిల్లలకు గంటకు కావలసింది ఐదో వంతు యూనిట్. కుంపటి ఆ వేడిని సమంగా పంచదు, అంటే మొదటి గంటలో పిల్లలు నోళ్లు తెరిచి గార్డు అంచుకు పారిపోతాయి, చివరి గంటలో కుంపటిని అంటిపెట్టుకుంటాయి. అది ఎట్లనో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది కార్బన్ మోనాక్సైడ్ అనే విషపు గాలి. బొగ్గు నిప్పులు తెల్లబూడిద పట్టి, పొగ పూర్తిగా పోయాక కూడా ఆ గాలి వస్తూనే ఉంటుంది, వాసన ఉండదు. చలి రాకుండా నాలుగు వైపులా పట్టలు దించి లోపల కుంపటి పెడితే పిల్లలకే కాదు, పక్కన మంచం వేసుకున్న మనిషికీ ప్రాణం మీదికి వస్తుంది. పెట్టక తప్పదంటే ఇటుకల మీద ఎత్తుగా, చుట్టూ జాలీతో, పైన జానెడు గాలి సందు ఎప్పుడూ తెరిచి పెట్టండి. వేరుశనగ పొట్టు పరిచిన నేల మీద ఒక్క రవ్వ పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

గ్యాస్‌తో వేడి నిలకడగా వస్తుంది. కానీ ఎల్పీజీ గాలికంటే బరువు, లీకయితే గార్డు లోపల పిల్లల ముక్కుల దగ్గరే పేరుకుంటుంది. వంటింటి సిలిండరు షెడ్డుకు వాడకూడదు కూడా. జనరేటరు? మోత భరించగలిగి, బయట పెట్టే చోటుంటే సరే.

ఇక నాకు నచ్చినది. ఇది రెండు ముక్కలు: పిల్లలు వచ్చిన అట్టపెట్టె, వేణ్నీళ్ల బిందె.

హేచరీ నుంచి 100 పిల్లల పెట్టె వస్తుంది కదా, లోపల నాలుగు గదులు, గదికి 25. ఏ బల్బూ లేకుండా ఆ పిల్లలు బండిలో అంతదూరం వచ్చింది ఒకదాని ఒంటి వేడి ఇంకొకదానికి తగిలే. చాలామంది పిల్లల్ని దించగానే ఆ పెట్టెను పారేస్తారు. పారేయొద్దు, రెండు మూడు రోజులు ఆరబెట్టి దాచండి. వేరే ఇంటి పెట్టె మాత్రం తేవొద్దు, వాళ్ల రోగం దాంతోపాటే వస్తుంది. కరెంటు పోగానే పిల్లల్ని గదికి 25 చొప్పున తిరిగి దాంట్లో పెట్టండి. ఐదు రోజులు దాటితే పిల్ల పెరుగుతుంది, గదికి 15 చాలు, అంటే రెండో పెట్టె కావాలి. గాలి రంధ్రాలు ఒక్కటి కూడా మూయొద్దు. పెట్టెను నేల మీద పెట్టొద్దు, ముఖ్యంగా కడప బండ మీద. రాత్రి బండ మంచులా ఉంటుంది, అట్ట గుండా వేడిని గుంజేస్తుంది. అడుగున రెండు మడతల గోతం, దాని మీద పెట్టె.

అప్పుడు నీళ్లు పొయ్యి మీద పెట్టండి. ఇంటి గ్యాస్ పొయ్యి మీద 10 లీటర్లు మరగడానికి ముప్పావు గంట పడుతుంది, అప్పటిదాకా పెట్టె కాపాడుతుంది. 15 లీటర్ల స్టీలు బిందెలో మరిగిన నీళ్లు రెండొంతులు, కుళాయి నీళ్లు ఒక వంతు పోస్తే 70 డిగ్రీలకు అటూఇటూ వస్తుంది. అది 40కి దిగేలోపు అర యూనిట్ వేడి ఇస్తుంది, అంటే 200 వాట్ల బల్బు రెండున్నర గంటలు వెలిగినట్టు. మూతికి పాలిథిన్ కవరు బిగించి కట్టండి, ఆవిరికి అట్ట నానకూడదు. బిందెకు గోతం రెండు చుట్లు చుట్టి, పైనుంచి ముంజేతి లోపలి వైపు ఆనించి చూడండి. హాయిగా ఉండాలి, చురుక్కుమంటే ఇంకో చుట్టు. పెట్టె ఒకటే అయితే దాని పక్కన, రెండుంటే వాటి మధ్య బిందె ఆనించి, అన్నిటి మీదా దుప్పటి కప్పి, పైన బెత్తెడు తెరిచి ఉంచండి. రెండున్నర గంటలకోసారి నీళ్లు మార్చాలి. నిద్ర పోతుంది, నిజమే. కానీ మీరు మర్చిపోయి పడుకున్నా వేడి మెల్లగానే తగ్గుతుంది.

వారం దాటిన పిల్లలకు పెట్టె ఇరుకు. గార్డును నాలుగడుగుల వెడల్పుకు కుదించి, బిందెను నడుమ పెట్టి, పిల్లల తలకు బెత్తెడు ఎత్తున గోతాన్ని పందిరిలా కట్టండి. కింద వరిపొట్టో వేరుశనగ పొట్టో మూడంగుళాలు ఉండాలి. రంపపు పొట్టు వద్దు, తిని పొట్ట గట్టిపడుతుంది.

200 పిల్లలుండి ఇంట్లో మనిషి ఒక్కరే అయితే ఈ పద్ధతి కష్టం. అప్పుడు ఇన్వర్టరే, పైన చెప్పిన అలారంతో.

ఏది పెట్టినా, నాలుగైదు పిల్లల్ని పట్టి కాళ్లు మీ చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే వేడి చాలడం లేదు. చలి తగిలిన పిల్ల చాలాసార్లు ఆ రాత్రే చావదు. రెండు మూడు రోజులకు రెక్కలు వేలాడేసి, ముడ్డికి రెట్ట అంటుకుని గట్టిపడి, మేత మానేస్తుంది. అప్పుడు జనం మేతను అనుమానిస్తారు, లేదా హేచరీని తిడతారు.

కరెంటు వచ్చాక ముందు బల్బు వెలిగించి అరగంట నేల కాగనివ్వండి, తర్వాతే పిల్లల్ని దించండి. మొదట గోరువెచ్చని నీళ్లు పెట్టండి. ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి నీళ్లలో ముంచితే చాలు, మిగతాది అవే తాగుతాయి. మేత గంట తర్వాత వేసి, మెడ కింద మేత నిలిచే సంచిని చేత్తో తడిమి చూడండి. మెత్తగా నిండి ఉంటే ఆ పిల్ల గట్టెక్కినట్టే. ఖాళీగా ఉన్నవాటిని వేరు చేసి బల్బుకు దగ్గరగా పెట్టండి.