పాస్ శాతమా, ఫీడ్‌బ్యాక్ ఫారమా, వార్డులో హౌస్‌సర్జనా: కరిక్యులమ్‌ను దేనితో కొలిస్తే మేలు?

మెడికల్ కాలేజీలో కరిక్యులమ్, అంటే ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అనే పాఠ్యప్రణాళిక, ఫలించిందో లేదో దేన్ని చూసి చెప్పాలి? ఈమధ్య తోటి అధ్యాపకులు కలిసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు. కాలేజీకి అయిదేళ్ల ప్రణాళిక రాస్తున్నారు. భవనాలు, పడకలు, పోస్టుల దాకా చకచకా వచ్చేస్తుంది. "కరిక్యులమ్ ఫలితం" అనే పేజీ దగ్గర కలం ఆగిపోతుంది. అక్కడ ఏ కొలత పెట్టాలి? విశాఖలో 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది. రుషికొండ, మారికవలస, సంగివలస వైపు ప్రైవేటు కాలేజీలున్నాయి. ఎవరిని కదిపినా సందేహం ఇదే.

అడగడానికి ఇది సరైన సమయం కూడా. కాంపిటెన్సీల మీద, అంటే విద్యార్థికి ఏమేం చేయడం రావాలన్న దాని మీద ఆధారపడిన కరిక్యులమ్ 2019లో చేరిన బ్యాచ్‌తో మొదలైంది. అంతకుముందు నడిచింది 1997 నాటి నిబంధనల ప్రకారం. 2019లో చేరినవాళ్లు నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ (మనం హౌస్‌సర్జన్సీ అనేది) ముగించుకునేసరికి 2025 వచ్చింది. అంటే చేరగానే జరిగే ఫౌండేషన్ కోర్సు నుంచి హౌస్‌సర్జన్సీ వరకు మొత్తం కొత్త పద్ధతిలో నడిచినవాళ్లు ఇప్పుడిప్పుడే మన కళ్ల ముందుకు వస్తున్నారు. ఇంతకాలం అంచనాలతో మాట్లాడాం. ఇప్పుడు చూసి మాట్లాడొచ్చు.

పాస్ శాతంతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ ముందు రాసేది అదే. దాని బలం చిన్నది కాదు. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ తన కింద ఉన్న కాలేజీలకు ఒకే ప్రశ్నపత్రం ఇస్తుంది కాబట్టి వాటిని కాలేజీకీ కాలేజీకీ పోల్చుకోవచ్చు, ఏటా లెక్క దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు. ఒక సబ్జెక్టులో ఫెయిలయ్యేవాళ్లు ఒక్కసారిగా పెరిగితే అక్కడ ఏదో తేడా జరిగిందని తెలుస్తుంది. తెలిసేది అంతవరకే. ఏం జరిగిందో తెలియదు. మెడిసిన్‌లో 90 శాతం పాసయ్యారంటే ఆ 90 శాతానికీ ఊపిరితిత్తుల చప్పుడు వినడం వచ్చిందా, లేక పాత ప్రశ్నపత్రాల్లోంచి వచ్చే వ్యాసాలు వచ్చాయా? ఆ అంకె చెప్పలేదు. పీజీ ర్యాంకులతో ఇంకో చిక్కు. ఫైనలియర్ నుంచే పిల్లలు ఫోన్లలో కోచింగ్ పాఠాలు వింటున్నారు. మంచి ర్యాంకు వస్తే అందులో మన బోధన పాలెంత, ఆ యాప్ పాలెంత అన్నది విడదీయడం అసాధ్యం. విడదీయలేని దాన్ని మన కరిక్యులమ్ ఖాతాలో వేసుకుని ప్రణాళికలో రాయడం నాకు సమ్మతం కాదు.

ఇక ఫీడ్‌బ్యాక్ ఫారాలు. శిక్షణ ఫలించిందో లేదో చూడటానికి కిర్క్‌ప్యాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లలో ఇది మొదటిది: నేర్చుకున్నవాడికి ఎలా అనిపించింది? తర్వాతి మెట్లు ఏం నేర్చుకున్నాడు, పనిలో ఏం మారింది, దానివల్ల చివరికి ఏం ఒరిగింది అన్నవి. మన కాలేజీల్లో చాలావరకు మొదటి మెట్టు మీదే ఆగుతాం. క్లాసు చివర ఫారం ఇస్తే, బయటికి పోయే తొందరలో ఉన్న పిల్లలు అన్నింటికీ నాలుగో, అయిదో వేసేసి ఇచ్చేస్తారు. అయినా ఒక్క పనికి ఈ ఫారానికి సాటి లేదు. టైంటేబుల్‌లో ఉండి కూడా జరగని క్లాసు ఏదో పిల్లలకే తెలుసు. అందుకని "ఎలా ఉంది?" అని అడగడం మానేసి, "ఈ నెలలో పడక దగ్గర క్లాసులు ఎన్ని జరిగాయి? మీరు స్వయంగా ఎంతమంది రోగులను పరీక్షించారు?" అని పేరు రాయనక్కర్లేకుండా అడిగితే చాలా బయటపడుతుంది.

విద్యార్థి తను చేసిన పనులు రాసుకుని అధ్యాపకుడి సంతకం తీసుకునే లాగ్‌బుక్కుల సంగతి క్లుప్తంగా చెప్తాను. రోజుకారోజు సంతకం పెడితే విలువైనవే. వార్డు పోస్టింగ్ ఆఖరి రోజున వరసగా పెట్టిన సంతకాలు విద్యార్థి ఏం చేశాడో చెప్పవు. ఆ పుస్తకాన్ని కరిక్యులమ్ ఫలితానికి సాక్ష్యంగా నేను తీసుకోను.

నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసే ఉంటుంది. హౌస్‌సర్జన్సీ మొదటి నెలలో, నిజమైన రోగి దగ్గర, హౌస్‌సర్జన్‌ని పక్కన నిలబడి చూడటం. వైద్యుడి సామర్థ్యాన్ని అంచనా వేయడానికి మిల్లర్ 1990లో గీసిన పిరమిడ్‌లో కింద నుంచి పైకి తెలియడం, ఎలాగో తెలియడం, చేసి చూపడం, నిజంగా చేయడం ఉంటాయి. థియరీ పేపరు కింది రెండింటిని తాకుతుంది. 1975లో హార్డెన్ తెచ్చిన ఆస్కీ, అంటే ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేయించి చూసే ప్రాక్టికల్ పరీక్ష, మూడోదాన్ని చూస్తుంది. నాలుగోది వార్డులో తప్ప ఇంకెక్కడా కనపడదు.

జనరల్ మెడిసిన్ వార్డులో చూసిన ఒక సంగతి చెప్తే నా ఉద్దేశం అర్థమవుతుంది. పాడేరు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ. షుగరు. ఇన్సులిన్ మీద డిశ్చార్జ్ చేస్తున్నారు. హౌస్‌సర్జన్ అమ్మాయి మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పింది. ఎన్ని యూనిట్లు, ఏ పూట, రోజూ ఒకేచోట పొడవకూడదు, చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే పంచదార నోట్లో వేసుకోవాలి. అన్నీ సరిగ్గా చెప్పింది. చివర్లో, "మందు ఫ్రిజ్‌లో పెట్టుకో మామ్మా, పైన ఐసు గట్టే చోట మాత్రం పెట్టకు" అంది. మామ్మ తలూపింది. కాగితాలు సర్దుకుంటుంటే కొడుకు మెల్లిగా అడిగాడు: "మేడమ్, మాకాడ ఫ్రిజ్ నేదు. ఏటి చెయ్యాలి?"

ఆ అమ్మాయి ఆగిపోయింది. ఆ వార్డు సిస్టరే జవాబు చెప్పింది. కొత్త మట్టికుండలో సగం దాకా ఇసక పోసి తడపండి, సీసాని నీళ్లు దూరని డబ్బాలో పెట్టి ఆ ఇసక మీద ఉంచండి, పైన తడిగుడ్డ కప్పి నీడలో పెట్టండి, ఇసక ఆరిపోకుండా చూసుకోండి, వాడటం మొదలుపెట్టిన సీసాని నెల దాటనివ్వకండి అని.

ఆ అమ్మాయి పరీక్షలో ఇన్సులిన్ నిలవ గురించి రాసి ఉంటే 2 నుంచి 8 డిగ్రీలు అని రాసి పూర్తి మార్కులు తెచ్చుకునేది. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఫార్మకాలజీ క్లాసుకి అయిదు వేసి ఉండేది. లాగ్‌బుక్‌లో రోగికి సలహా ఇచ్చినట్టు సంతకం ఉండేది. మూడు కొలతలూ అంతా బాగుందనే చెప్పేవి. "మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా?" అనే ఒక్క ప్రశ్న కరిక్యులమ్‌లో ఎక్కడా నేర్పలేదన్న సంగతి మాత్రం మంచం పక్కనే తేలింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇక్కడే ఉంది. కొలత ఎంత కచ్చితమైనదన్నది నాకు రెండో విషయం. ఆ కొలత చూసి ఎవరు, ఏ క్లాసులో, ఏం మార్చాలో తెలియాలి. పాస్ శాతం 86 నుంచి 84కి పడిపోతే కరిక్యులమ్ కమిటీ మీటింగులో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఫ్రిజ్ సంగతి అదే మీటింగులో పెట్టండి. ఫార్మకాలజీవాళ్లు ఇన్సులిన్ క్లాసులో కరెంటు లేని ఇంటి కేసు ఒకటి కలుపుతారు. కమ్యూనిటీ మెడిసిన్‌వాళ్లు విద్యార్థులు చదువులో భాగంగా దత్తత తీసుకున్న (ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండే) కుటుంబాల దగ్గరికి వెళ్లినప్పుడు మందులు ఎక్కడ దాచుకుంటున్నారో చూసి రమ్మంటారు. మెడిసిన్‌వాళ్లు డిశ్చార్జ్ సలహాని పోస్టింగ్ చివరి పరీక్షలో పెడతారు. ముగ్గురికీ పని దొరికింది. మరుసటి ఏడు మళ్లీ చూస్తే మారిందో లేదో కూడా తెలుస్తుంది. వేర్వేరు సబ్జెక్టులను కలిపి చెప్పాలని కొత్త కరిక్యులమ్ అంటున్నది ఇలాంటి చోటే నిజమవుతుంది.

దీనికి అడ్డంకులు లేకపోలేదు. ఓపీలో జనం తోసుకుంటుంటే పక్కన నిలబడి చూసే తీరిక ఏ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఉంటుంది? మినీ-సీఈఎక్స్ అనే పద్ధతి పుట్టింది ఈ ఇబ్బందిలోంచే. ఒకే రోగి, ఒకే పని, పావుగంట ఇరవై నిమిషాలు చూసి, ఒక చిన్న ఫారం నింపి, అక్కడికక్కడే అయిదు నిమిషాలు మాట్లాడటం. పక్కన సార్ నిలబడితే పిల్లలు రోజూ ఉన్నట్టు ఉండరనేది ఇంకో అభ్యంతరం. నిజమే. కానీ సార్ చూస్తుండగా కూడా రానిది, చూడనప్పుడు అసలే రాదు. మనం వెతుకుతున్నది ఆ లోటునే.

ఒక్కసారి చూసి తీర్పు చెప్పేస్తారా అనీ అడుగుతారు. ఒక విద్యార్థి మీద తీర్పు చెప్పాలంటే వేర్వేరు అధ్యాపకులు చాలాసార్లు చూడాల్సిందే. ఇక్కడ తూచేది కరిక్యులమ్‌ని. పెద్ద బ్యాచ్‌లో నలభై మందిని చీటీలు తీసి ఎంచుకుని, ఒక్కొక్కరిని రెండేసిసార్లు చూసినా ఎనభై పరిశీలనలు అవుతాయి. అందులో ఒకే లోటు పదేపదే కనపడితే అది పిల్లల తప్పు కాదు, మనం నేర్పకపోవడమే. పేర్లు కమిటీకి వెళ్లకూడదు, మార్కులకు లంకె పెట్టకూడదు. ఆ మాట ముందే చెప్పకపోతే అధ్యాపకులు మొహమాటపడి అందరికీ మంచి గ్రేడ్లే వేసేస్తారు.

పాత విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారో ఆరా తీయడం మంచిదే, ఎన్నారై అయినవాళ్లు, పీజీకి పోయినవాళ్లు, పీహెచ్‌సీలో ఉన్నవాళ్లు అంటూ లెక్క వస్తుంది. కానీ ఆ కబురు మనకు అందేలోపు వాళ్లు చదివిన కరిక్యులమే మారిపోతుంది. స్వాట్ నాలుగు గళ్లు (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు), సిప్ నమూనా (సందర్భం, వనరులు, ప్రక్రియ, ఫలితం) లాంటివి ప్రణాళిక పుస్తకానికి చట్రంగా పనికొస్తాయి. అవి వాటంతట అవి దేన్నీ కొలవవు, గళ్లలో నింపడానికి సమాచారం మనమే తేవాలి.

కాబట్టి నన్నడిగితే ప్రణాళికలో ఇలా రాయమంటాను. పాస్ శాతం ఉంచండి, కానీ లక్ష్యంగా కాదు, ఏదైనా అకస్మాత్తుగా పడిపోతే పసిగట్టడానికి. ఫీడ్‌బ్యాక్ ఫారాన్ని నాలుగు ప్రశ్నలకు కుదించండి. లక్ష్యం స్థానంలో ఇది రాయండి: ప్రతి ఏడాది హౌస్‌సర్జన్ల పరిశీలనలో తేలిన లోట్లలో మూడింటిని కమిటీ ఎంచుకోవాలి, ఏ విభాగం ఏం మార్చిందో ఆర్నెల్లలో రాసివ్వాలి, తర్వాతి బ్యాచ్‌లో అవే మూడింటిని మళ్లీ చూడాలి. మొదటి ఏడు అన్ని విభాగాలూ వద్దు. మెడిసిన్, ప్రసూతి, పిల్లల వార్డులు చాలు. డిశ్చార్జ్ సలహా, రోగి దగ్గర అనుమతి తీసుకోవడం, డ్యూటీ మారేటప్పుడు కేసు అప్పగించడం, ఈ మూడు పనులతో మొదలుపెట్టొచ్చు. ఫారం ఒక పేజీ దాటనివ్వకండి, కింద "ఇది మనం ఎక్కడ నేర్పి ఉండాల్సింది?" అనే గడి మాత్రం తప్పకుండా ఉంచండి.