గ్లోబల్ ఫిషింగ్ వాచ్ మ్యాప్: సోమాలియా తీరంలో ఎంతవరకు పనికొస్తుంది?

సోమాలియా చేపల్ని విదేశీ పడవలు ఎత్తుకుపోతున్నాయని చదివి, అది కళ్లారా చూడగలమా అనుకునేవాళ్లు ముందు ఈ మ్యాప్ తెరవండి. ఉచితం. సముద్రాల్ని కాపాడే ఓషియానా, ఉపగ్రహ చిత్రాలతో పర్యావరణాన్ని గమనించే స్కైట్రూత్, గూగుల్ కలిసి 2016లో అందరికీ అందుబాటులోకి తెచ్చాయి. ఓడలు తామెక్కడున్నాయో చెబుతూ పంపే ఏఐఎస్ సిగ్నళ్లను పోగేసి, ఒక్కో ఓడ నడక తీరును బట్టి అది చేపలు వేటాడుతోందా, ఊరికే దాటిపోతోందా అని లెక్కగడుతుంది.

సోమాలియా ఈశాన్య తీరంలోని రాస్ హాఫూన్ అనే అగ్రం దగ్గరకి జూమ్ చేసి ఒక పడవను ఎంచుకుంటే పేరు, జెండా, తిరిగిన దారి వస్తాయి. సరుకు ఓడ దారి తిన్నగా గీత గీసినట్టు ఉంటుంది, వేటాడే పడవది అలా కాదు, కొంత దూరం పోయి, వెనక్కి తిరిగి, అక్కడక్కడే మెలికలు పడుతుంది. ఆ తేడా కంటికి అలవాటైతే చాలా విషయం అర్థమవుతుంది. సోమాలియా, యెమెన్ నీళ్లలో 192 ఇరాన్ పడవలు తిరుగుతున్నాయని 2020లో గ్లోబల్ ఫిషింగ్ వాచ్ సంస్థ, అక్రమ చేపల వేటపై నిఘా పెట్టే ట్రిగ్ మ్యాట్ ట్రాకింగ్ సంస్థ కలిసి బయటపెట్టింది ఇలాంటి సిగ్నళ్లతోనే. సోమాలీ మత్స్యకారులు పట్టేదానికి మూడు రెట్లు విదేశీ పడవలు పట్టుకుపోతున్నాయని 2015లోనే ఒక అధ్యయనం అంచనా వేసింది.

అయితే సిగ్నల్ ఆపేసిన పడవ దీంట్లో కనిపించదు, పెద్ద లోపం ఇదే. ప్రపంచంలో పారిశ్రామిక చేపల ఓడల్లో సుమారు 75 శాతం పబ్లిక్ ట్రాకింగ్‌లో లేవని 2024 జనవరిలో నేచర్ పత్రికలో చెప్పింది కూడా వీళ్ల పరిశోధకులే. ఉపగ్రహ రాడార్ చూపించే లేయర్ ఆన్ చేస్తే ఇంకొన్ని చుక్కలు తేలతాయి గానీ వాటికి పేర్లుండవు. కాబట్టి తీరం ఖాళీగా కనిపించినంత మాత్రాన అక్కడ ఎవరూ లేరనుకోకండి.

ఇంకొకటి, ఏ పడవకి లైసెన్సు ఉందో లేదో మ్యాప్ తేల్చదు. 2018 డిసెంబర్‌లో రాజధాని మొగదిషులోని కేంద్ర ప్రభుత్వం 31 చైనా ట్యూనా పడవలకు అనుమతిచ్చింది, తీరానికి 24 నాటికల్ మైళ్ల అవతలే పట్టాలని షరతు పెట్టి. ఈశాన్యాన స్వయంపాలన ఉన్న పుంట్‌లాండ్ ప్రాంతం తన లెక్కన తాను లైసెన్సులిస్తుంది. సంతకం ఎవరు పెట్టారు, డబ్బు ఎవరికి ముట్టింది, రాత్రి ఎవరి వలలు తెగిపోయాయి అన్నది రేవుకెళ్లి అడిగే అక్కడి విలేకరే చెప్పాలి. జర్నలిస్టుల్ని చంపినవాళ్లకి శిక్ష పడని దేశాల పట్టికలో 2015 నుంచి 2022 దాకా ఏటా మొదటి స్థానం సోమాలియాదే, అలాంటిచోట వాళ్లు ఈ పని చేస్తున్నారు. నాకైతే ఆ వార్తల విలువ ఈ మ్యాప్ కంటే ఎక్కువ.

ఐదుకి నాలుగు ఇస్తాను. లాప్‌టాప్‌లో చూడండి, ఫోన్‌లో ఆ గీతలు సరిగ్గా ఆనవు. నైరుతి రుతుపవనాలప్పుడు అక్కడి సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంటుంది, పడవలు తక్కువ తిరుగుతాయి, అందుకే ఆ నెలలు వదిలేసి శీతాకాలం తేదీలు పెట్టుకుని చూడటం మొదలుపెట్టండి.