బెండ్ పైపు జాయింట్ దగ్గర ఆయిల్ కారుతోందా? సిలికాన్ పూస్తామంటే ఒప్పుకోకండి

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు దయచేసి ఇది చదవండి. ఇంజిన్ హెడ్‌కి (ఇంజిన్ పైభాగం) సైలెన్సర్ బెండ్ పైపు కలిసే చోట ఆయిల్ తడి కనిపించినప్పుడు, "ప్యాకింగ్ (జాయింట్ మధ్య పొగ కారకుండా పెట్టే బిళ్ల) పోయింది, మార్చేస్తే సరి" అంటే నమ్మి డబ్బులు కట్టకండి. ఫోర్ స్ట్రోక్ బండిలో ఆ దారిలో పోవాల్సింది పొగ ఒక్కటే. అక్కడ ఆయిల్ ఉందంటే ఇంకెక్కడి నుంచో వస్తోందన్నమాట. ప్యాకింగ్ మారిస్తే కారడం కొన్నాళ్లు ఆగుతుందేమో గానీ, రావడం ఆగదు.

విజయవాడలో పాత బండ్లు అమ్మే ఒక షాపులో 150 సీసీ బండి తీసుకున్నాను. అమ్మేటప్పుడు ఇంజిన్ తళతళలాడుతోంది. కొద్దిరోజులకే జాయింట్ కింద నల్లటి జిడ్డు మొదలైంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ మాడిన వాసన. షాపువాళ్లు తమ మెకానిక్ దగ్గరికే పంపారు. అతను ప్యాకింగ్ మార్చి, చుట్టూ ఎర్ర సిలికాన్ పేస్టు దట్టంగా పూసి డబ్బులు తీసుకున్నాడు. మళ్లీ కారింది. ఈసారి నట్లు లూజయ్యాయంటూ పొడుగు రాడ్డు వేసి బిగించేసరికి హెడ్‌లోని స్టడ్ (నట్టు బిగించే మర బోల్టు) విరిగింది. "పాత బండి కదా సార్, మామూలే" అని ఆ ఖర్చు కూడా నా మీదే వేశారు. ఈలోగా ఆయిల్ కొలిచే గేజ్ తీసి చూస్తే ఆయిల్ కింది గీత కంటే దిగిపోయింది. సుమారు లీటరు పట్టే ఇంజిన్‌లో ఆ మాత్రం తగ్గినా పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. రెండుసార్లు బండి చూసినవాళ్లు ఒక్కసారి కూడా గేజ్ తీయలేదు. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే.

చివరికి తెలిసినవాళ్లు చెప్పిన వేరే మెకానిక్ బెండ్ పైపు విప్పి, టార్చి వేసి లోపల చూపించారు. హెడ్‌లో పొగ బయటికి వచ్చే రంధ్రం గోడలు తడిగా ఉన్నాయి, స్పార్క్ ప్లగ్ కూడా జిడ్డుగా నల్లబడింది. ఎగ్జాస్ట్ వాల్వ్ (పొగను బయటికి వదిలే కవాటం) కాడకి ఉండే సీల్ రబ్బరు గట్టిపడి పగిలిపోయింది. పైన రాకర్ ఆర్మ్‌లకు (వాల్వ్‌లను తెరిచే మీటలు) వెళ్లే ఆయిల్ ఆ సందులోంచి పొగ దారిలోకి జారి, జాయింట్ దగ్గర బయటపడుతోంది. సీల్ ఖరీదు తక్కువే. హెడ్ దించి ఎక్కించే కూలీ, విరిగిన స్టడ్ తీయించడానికి లేత్ షాపు ఖర్చు, ఇవే ఎక్కువయ్యాయి.

సిలికాన్ సంగతి కూడా చెప్పాలి. మామూలుగా దొరికే ఎర్ర పేస్టు సుమారు 300 డిగ్రీల వరకే ఆగుతుంది. హెడ్ పక్కన బెండ్ పైపు వేడి అంతకంటే బాగా ఎక్కువ. మాడి, పెచ్చులుగా రాలిపోతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లకైతే ఇంకో నష్టం: చాలా రకాల సిలికాన్ ఆవిరికి పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ పాడవుతుంది.

అయితే ప్రతి తడికీ హెడ్ దించనక్కర్లేదు. ఇక్కడే ఇంకో రకం మోసం ఉంది, "బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) పోయింది" అని పెద్ద పని అంటగట్టడం. ముందు తెల్ల కాగితం మీద ఆ జిడ్డు చుక్క పెట్టి చూడండి. ఆరిపోయి మసి మాత్రమే మిగిలితే అది పొగలోని నీరు, కార్బన్. అప్పుడు నిజంగా ప్యాకింగ్ మారిస్తే చాలు. ఆయిల్ అయితే కాగితం మీద నూనె మరక ఉండిపోతుంది. తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్ శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, జాయింట్ చుట్టూ, దాని పైన ముఖానికి రాసుకునే పౌడర్ చల్లండి. కాసేపు నడిపి చూస్తే తడి ఎక్కడ మొదలైందో గీత కనిపిస్తుంది. టాపెట్ కవర్ (హెడ్ మీదుండే మూత) దగ్గర మొదలై కిందికి జారితే దాని ఓ-రింగ్ (రబ్బరు రింగు) మార్చడమే పని. జాయింట్ లోపలి నుంచే వస్తుంటే వాల్వ్ సీల్, గైడ్ (వాల్వ్ కాడ జారే గొట్టం), పిస్టన్ రింగులు చూడాలి. రాత్రంతా ఆపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక్కసారి వచ్చి తగ్గితే సీల్స్ మీద అనుమానం. యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ వస్తుంటే రింగుల మీద. (ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లకు ఈ లెక్క వర్తించదు. వాటిలో ఆయిల్ పెట్రోలుతో కలిసే కాలుతుంది, జాయింట్ దగ్గర జిడ్డు కొంత సహజం.)

కొనేముందు అమ్మేవాళ్లకు ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చిక్కటి ఆయిల్ పోసి పొగ కనిపించకుండా చేసేవాళ్లూ ఉన్నారు, అందుకే ఏ గ్రేడు పోశారో అడగండి. బెండ్ పైపు నట్ల చుట్టూ ఎర్రటి పేస్టు కనిపిస్తే ఆ బండి వద్దు. వాటర్ వాష్ చేసి మెరిపించిన ఇంజిన్ అయితే కనీసం అరగంట నడిపి, ఆ జాయింట్ మళ్లీ చూడండి.

కారిన ఆయిల్ ఇంజిన్ కింద నుంచి వెనక టైరు మీద పడితే మలుపులో బండి జారుతుంది. అందుకని "చిన్న లీకే కదా" అని వాయిదా వేయకండి. రిపేరు చేయించినప్పుడు ఏ పార్టు మార్చారో బిల్లు మీద రాయించుకోండి, తీసిన పాత పార్టు అడిగి తీసుకోండి. ఇవ్వకుండా గొడవ పెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసులకు ఫీజు కూడా లేదు. నేను బిల్లులు, విరిగిన స్టడ్ ఫొటో, పాత సీల్ అన్నీ దాచిపెట్టాను, ఫిర్యాదు రాస్తున్నాను.